కొబ్బరి గోదాములో విమానం: ఇంట్లో కిట్ విమానం కట్టదలచిన కోనసీమవాసికి

అంబాజీపేటకు దగ్గరలో మా నాన్నగారు కొబ్బరికాయలు రాశులు పోయించిన గోదాము ఒకటి ఉంది. ఇప్పుడు అందులో రెండు సీట్ల అల్యూమినియం విమానం మూడు చక్రాల మీద నిలబడి ఉంది. రెక్కలు ఇంకా తగిలించలేదు. పాత తివాచీ ముక్కలు చుట్టిన చెక్క స్టాండులో గోడవారగా నిలబెట్టాను. ఇంజిన్ బిగించే దశకు వచ్చాను. నాలుగో ఏడు నడుస్తోంది. ఊళ్లోవాళ్లు మొదట్లో "ఎప్పుడు ఎగురుతుందండీ?" అని అడిగేవారు. ఇప్పుడు "ఇంకా ఉందాండీ?" అని అడుగుతున్నారు.

విమానం కట్టాలంటే ఏరోనాటికల్ ఇంజినీరై ఉండాలని చాలామంది అనుకుంటారు. బలానికి, బరువుకు సంబంధించిన లెక్కలన్నీ కిట్, అంటే విడిభాగాల పెట్టెలు, తయారు చేసేవాడు చేసే పంపిస్తాడు. మన వంతు రంధ్రాలు సరిచూడటం, అంచులు నునుపు చేయడం, రేకుల్ని కలిపే రివెట్లు అనే తల మేకులు వేయడం, చెడితే విప్పి మళ్లీ చేయడం. ఈ నాలుగింటిలో చివరిదే కష్టం. దానికి తోడు మన ప్రాంతానికే చెందిన చిక్కు ఒకటి ఉంది: ఉప్పు కలిసిన తేమ. విదేశీ మాన్యువళ్లలో దానికి అర పేజీ కేటాయిస్తారు. నాకైతే సగం పని దానితోనే సరిపోయింది.

డబ్బు కట్టేముందు కాగితాలు

కిట్‌కు అడ్వాన్సు పంపే ముందే పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీసీఏకు రాయండి. మీరు అనుకుంటున్న మోడలు ఏ తరగతిలోకి వస్తుంది, ఔత్సాహికులు సొంతంగా కట్టిన విమానానికి ఏయే అనుమతులు కావాలి, ఏ దశల్లో తనిఖీ ఉంటుంది అన్నవి రాతపూర్వకంగా తెలుసుకోండి. 1934 నాటి విమాన చట్టం స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియం 2025 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. అందువల్ల పదేళ్ల కిందట ఎవరో కట్టినప్పటి కాగితాలు చూసి ధైర్యపడవద్దు. మన దేశంలో నమోదైన ప్రతి విమానం గుర్తూ వీటీ అనే అక్షరాలతో మొదలవుతుంది. ఆ అక్షరాలు రాకుండా మీరు కట్టినది గోదాములో బొమ్మే.

ముంబైలో పైలట్ అమోల్ యాదవ్ తమ అపార్ట్‌మెంటు మేడమీద ఆరు సీట్ల విమానం కట్టి 2016లో మేకిన్ ఇండియా వారోత్సవంలో ప్రదర్శించారు. వీటీ-ఎన్ఎండీ అనే నమోదు 2017 నవంబరులో గాని రాలేదు. ఆయనది సొంత డిజైను, మనది కిట్. అయినా కాగితాలకు ఎంత ఓపిక కావాలో ఆ ఉదాహరణ చెబుతుంది. మరోవైపు, కేరళ నుంచి బ్రిటన్‌లో స్థిరపడిన అశోక్ తామరాక్షన్ కోవిడ్ కాలంలో దక్షిణాఫ్రికా నుంచి నాలుగు సీట్ల స్లింగ్ కిట్ తెప్పించుకుని దాదాపు ఏడాదిన్నరలో పూర్తి చేశారు. అక్కడ ఇంట్లో కట్టేవారికి దారి చూపే సంఘాలు, ఇన్‌స్పెక్టర్లు దశాబ్దాలుగా ఉన్నారు. మనకు ఆ దారి ఇంకా గతుకులమయం.

ఈ దశలోనే ఒక లావుపాటి రూళ్ల పుస్తకం కొనండి. ఏ రోజు, ఎన్ని గంటలు, ఏ భాగం, ఏ పేజీలోని ఏ సూచన ప్రకారం చేశారో అందులో రాయాలి. ప్రతి పనికీ ఫోటో తీయాలి, కొన్నింటిలో మీ ముఖం కూడా ఉండాలి. రేపు తనిఖీ అధికారి "ఇది మీరే కట్టారా?" అని అడిగితే ఆ పుస్తకమే మీ సాక్షి.

ఏ కిట్ తీసుకోవాలి

నా అభిప్రాయం సూటిగా చెబుతాను: డెల్టాలో మొదటిసారి కట్టేవారు ఒక వైపు నుంచే గన్నుతో బిగించే పాప్ రివెట్లతో అతికే, రంధ్రాలు ముందే కొట్టి వచ్చే లోహపు కిట్ తీసుకోవాలి. చెక్క విమానాలంటే నాకూ మోజే. తాళ్లరేవులో ఓడలు కట్టే వడ్రంగులు ఉన్న ప్రాంతంలో చెక్క మీద ప్రేమ సహజం. కాని ఏడాదిలో సగం రోజులు గోడలకు చెమ్మ పట్టే చోట చెక్కలో తేమ శాతాన్ని అదుపులో పెట్టడం మరో ఉద్యోగం. ఫైబర్ గ్లాసుకు వాడే రెసిన్ కూడా తేమలో అలిగి కూర్చుంటుంది.

లోహపు కిట్లలోనూ తేడాలున్నాయి. అమెరికాకు చెందిన జెనిత్ వారి సీహెచ్ 750 వంటి వాటిలో ఎక్కువగా 6061-టీ6 రకం అల్యూమినియం వాడతారు. అది తుప్పును బాగా తట్టుకుంటుంది. వ్యాన్స్ వారి ఆర్‌వీ శ్రేణిలో ఎక్కువగా 2024-టీ3 రకం వాడతారు. అది ఇంకా బలమైనదే, కాని ఉప్పుకు లొంగుతుంది కాబట్టి రేకు రెండు వైపులా పలుచని శుద్ధ అల్యూమినియం పొర ఉంటుంది. ఆ పొర మీద గీత పడితే రక్షణ పోయినట్టే. ఆర్‌వీ-12లో మరో సుఖం ఉంది, రెక్కలు నిమిషాల్లో ఊడదీయవచ్చు. కాలువ గట్టు రోడ్ల మీద లారీలో తీసుకువెళ్లవలసిన మనకు ఇది చిన్న విషయం కాదు.

మొత్తం కిట్ ఒకేసారి కొనవద్దు. తోక భాగం ఒక్కటే ముందు తెప్పించుకోండి. ఇలాంటి కిట్లకు 800 నుంచి 1000 గంటల పని పడుతుంది. రోజుకు రెండు గంటల చొప్పున వేస్తే ఒక్క రోజు కూడా మానకుండా 400 నుంచి 500 రోజులు. పెళ్లిళ్లు, వరి కోతలు, తుపానులు కలిపితే ఎంతవుతుందో మీరే లెక్కకట్టుకోండి.

గోదామును సిద్ధం చేయడం

మొదట గుమ్మం కొలవండి. నవ్వకండి. పూర్తయిన ఫ్యూజలాజ్ (విమానం మొండెం) వెడల్పు, చక్రాల మధ్య దూరం, తోక ఎత్తు మాన్యువల్‌లో ఉంటాయి. అవి గుమ్మంలో, గేటులో, ఇంటి ముందు బోదె మీది కల్వర్టులో పడతాయో లేదో ముందే చూడాలి. మా గేటు స్తంభం ఒకటి పడగొట్టించాను.

తరువాత నేల. లంక గ్రామాల్లో పెద్దలు 1986 ఆగస్టు వరద ఎక్కడిదాకా వచ్చిందో గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. ఆ చెయ్యి మీ నడుము ఎత్తున ఉంటే ఆ గోదాము వద్దు. పైకప్పు మాటకొస్తే, 1996 నవంబరు 6 నాటి తుపాను చూసినవారికి నేను చెప్పవలసింది లేదు. రేకుల కప్పు అయితే హుక్కు బోల్టులన్నీ మార్పించి, కప్పు మీదికి వంగిన కొబ్బరిచెట్లను తీయించండి.

ఇక నేను చేసిన తప్పు. రేకులు గీసుకుపోకుండా ఉంటుందని కొబ్బరిపీచు చాపలు పరిచి, వాటి మీద రెక్కల రేకులు పడుకోబెట్టాను. చాపలు మెత్తగా ఉన్నాయి, ఇంట్లోవే, ఖర్చూ లేదు. రెండు నెలలు పోయాక, ఒక శ్రావణమాసపు ఉదయం రేకు తిప్పితే అడుగున తెల్లని చుక్కలు కనబడ్డాయి. గోరుతో గీకితే సున్నపు పొడిలా రాలింది, కింద సూది మొనంత గుంట. పీచులో ఉప్పు ఉంటుంది, గాలిలో తేమను అది పీల్చి రేకుకు అందించింది. మూడు రేకులు మళ్లీ తెప్పించుకున్నాను. ఆ ధరలో ఒక మంచి పాడి గేదె వచ్చేది.

కాబట్టి రేకులను చెక్క చట్రంలో నిలువుగా, ఒకదానికొకటి తగలకుండా పెట్టండి. పెట్టెలో రేకుల మధ్య వచ్చిన కాగితం చెమ్మగా ఉంటే ఆ రోజే తీసేయండి. రేకు మీద నీలం ప్లాస్టిక్ పొర ఉంటే రక్షణ అనుకుని ఏళ్ల తరబడి ఉంచవద్దు. దాని కింద కూడా తేమ చేరుతుంది, జిగురు గట్టిపడి ఊడిరాదు. ఒక చిన్న గదిని ప్లాస్టిక్ షీటుతో మూసి, అందులో తేమ పీల్చే యంత్రం, తేమను కొలిచే మీటరు పెట్టుకుంటే సగం బాధ తప్పుతుంది. బల్ల మీద ఒక తువ్వాలు ఎప్పుడూ ఉండాలి. చెమట చేతి ముద్ర కూడా ఉప్పే.

పనిముట్లు

గాలి కంప్రెసర్, గాలితో నడిచే రివెట్ గన్ను, మంచి డ్రిల్లు, ఆకురాళ్లు, రేకు కత్తెరలు, బిగువు కొలిచి చూపే టార్క్ రెంచి ఉండాలి. కంప్రెసర్ గొట్టానికి నీటిని వడగట్టే ఫిల్టరు తప్పనిసరి. వానాకాలంలో మా ట్యాంకు అడుగు నుంచి రోజూ గ్లాసెడు నీళ్లు వంపుతాను.

క్లీకోలు అనే చిన్న స్ప్రింగు పిన్నులు వందల్లో కావాలి. రివెట్ వేసేదాకా రెండు రేకుల్ని కలిపి పట్టుకునేవి ఇవే. వీటి రంగు చూసి సైజు చెప్పవచ్చు: వెండి రంగుది అంగుళంలో 32వ వంతుకు 3 రెట్లు, రాగి రంగుది 4 రెట్లు, అంటే ఎనిమిదో వంతు, నల్లది 5 రెట్లు. డ్రిల్లు బిట్లు కూడా అమెరికన్ నంబర్లలో ఉంటాయి. ఎనిమిదో వంతు రివెట్‌కు 30వ నంబరు బిట్, అంటే 3.26 మిల్లీమీటర్లు. బజారులో దొరికే 3.5 బిట్ "దాదాపు అదేనండీ" అని అంటగడతారు. తీసుకోవద్దు. వదులు రంధ్రంలో రివెట్ పట్టు ఉండదు.

బోల్టుల విషయంలోనూ ఇదే పట్టుదల కావాలి. చూడటానికి ఒకేలా ఉన్నా బజారు బోల్టు బలం వేరు, పూత వేరు. కిట్‌లో వచ్చిన ఏఎన్ శ్రేణి (విమానాలకు వాడే ప్రమాణం) బోల్టు పోతే ఆ శ్రేణిదే తెప్పించుకోవాలి, అప్పటిదాకా ఆ రంధ్రం ఖాళీగానే ఉండాలి. చిన్నదైన ఏఎన్3 బోల్టుకు మామూలుగా 20 నుంచి 25 ఇంచ్-పౌండ్ల బిగువు చాలు, మన లెక్కలో 2.3 నుంచి 2.8 న్యూటన్ మీటర్లు. ట్రాక్టరు నట్లు బిగించిన చేతికి ఇది బిగించినట్టే అనిపించదు. అందుకే చేతిని కాక రెంచిని నమ్మాలి.

ఒక నిషేధం: అల్యూమినియం మీద పెన్సిలుతో గీత గీయవద్దు. పెన్సిల్లోని గ్రాఫైట్, అల్యూమినియం, తేమ కలిస్తే చిన్న బ్యాటరీలా పనిచేసి గీత వెంబడే తుప్పు తింటుంది. సన్నని మార్కర్ పెన్ను వాడండి. వడ్రంగి ఎవరైనా సాయానికి వస్తే ముందు ఆయన చెవి మీది పెన్సిలు తీసి పక్కన పెట్టించండి.

చుక్కానితో మొదలు

తోకలోని చుక్కాని చిన్నది, చౌక, పోతే మరొకటి తెప్పించుకోవచ్చు. విమానంలో ఉండే పనులన్నీ చిన్న రూపంలో అందులో ఉంటాయి. జెనిత్ వారు కొత్తవారికి ఫ్యాక్టరీలో రెండు రోజుల్లో చుక్కాని కట్టించి పంపుతారు. నాకు ఏడు వారాలు పట్టింది.

మొదట పెట్టె తెరిచి, జాబితాతో ప్రతి ముక్కనూ సరిచూసి టిక్కు పెట్టండి. రివెట్లను లెక్కపెట్టనక్కరలేదు, తూకం వేస్తే చాలు. తరువాత ప్రతి రేకు అంచునూ ఆకురాయితో నునుపు చేయాలి. కత్తిరించిన అంచులో కంటికి కనిపించని గాట్లు ఉంటాయి. ఏళ్ల తరబడి ఇంజిన్ అదురుకు పగులు అక్కడి నుంచే మొదలవుతుంది. చూపుడువేలి గోరును అంచు వెంట నడపండి. ఎక్కడైనా తట్టుకుంటే ఇంకా పని ఉంది.

ఆ తరువాత ముక్కల్ని కలిపి క్లీకోలు పెట్టాలి. మొదట నాలుగు మూలలా, తరువాత రెండు రంధ్రాలకొకటి. బలవంతంగా లాగితే గాని రంధ్రాలు కలవకపోతే ఆగి డ్రాయింగు చూడండి. పదింట తొమ్మిదిసార్లు ఏదో ముక్క తిరగబడి ఉంటుంది. అన్నీ కలిశాక సరైన బిట్‌తో రంధ్రాలు సవరించి, మొత్తం మళ్లీ విప్పాలి. ఇక్కడే కొత్తవారికి ఏడుపు వస్తుంది. ఎందుకు విప్పాలంటే, డ్రిల్లు వేసినప్పుడు రంధ్రం చుట్టూ సన్నని ముళ్లంచు లేస్తుంది. వర్క్‌షాపుల్లో దాన్ని బర్ అంటారు. రెండు రేకుల మధ్య అది ఉండిపోతే రేకులు ఒకదానికొకటి ఆనవు. పెద్ద బిట్‌ను చేతి పిడిలో పెట్టి ఒక్క చుట్టు, మహా అయితే రెండు చుట్లు తిప్పితే చాలు. ఎక్కువ తిప్పితే రంధ్రం గరాటులా పల్లమవుతుంది.

ఇప్పుడు ప్రైమర్. పొడి ప్రాంతాల్లో లోపలి భాగాలకు ప్రైమర్ వేయకుండానే విమానాలు కట్టేవారున్నారు. మనకు ఆ వెసులుబాటు లేదు. రేకు మీద రేకు వచ్చే ప్రతిచోటా రెండు భాగాలు కలిపే ఎపాక్సీ ప్రైమర్ పలుచగా వేయండి. క్రోమేటు ఉన్న రకాలు క్యాన్సర్ కారకాలు, వాటిని ఇంటికి రానివ్వవద్దు. ఏ ప్రైమరైనా సరే, మాస్కు లేకుండా వేయవద్దు. గాలిలో తేమ 80 శాతం దాటిన రోజు డబ్బా మూత తీయకండి. పైన జిడ్డు పొర కట్టి, తరువాత రంగు పట్టదు. నేను సంవత్సరం పొడవునా రంధ్రాలు, అంచుల పని చేసి, ప్రైమర్‌ను భోగి నుంచి శివరాత్రి వరకు దాచుకుంటాను. పొద్దున్నే మంచు ఉంటుంది కాబట్టి 11 గంటల తరువాతే మొదలుపెడతాను.

ఆరాక మళ్లీ కలిపి, మధ్య నుంచి చివరలకు రివెట్లు వేసుకుంటూ పోవాలి. ఒక చివర నుంచి వరుసగా వేస్తే రేకు ఉబ్బి, వేలితో నొక్కితే నూనె డబ్బా అడుగులా టక్కుమంటుంది. ప్రతి రివెట్‌నూ ప్రైమర్‌లో ముంచి పెడితే కాడ చుట్టూ తేమ దూరే సందు తగ్గుతుంది. గన్ను నిటారుగా పట్టాలి. రివెట్ తల కింద సన్నని బ్లేడు దూరితే అది చెడ్డ రివెట్. అలాంటిదాన్ని తీయడానికి ముందు మధ్యలోని కాడను పంచితో లోపలికి కొట్టి, అదే సైజు బిట్‌తో తల మాత్రమే తొలిచి, మిగిలినదాన్ని తట్టి తీయాలి. నా మొదటి చుక్కానిలో అలా 41 తీశాను. పుస్తకంలో రాసి ఉంది.

మెలి ఉందో లేదో చూడటానికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు. తాపీమేస్త్రీ తూకపు గుండు, నీళ్లు నింపిన సన్నని ప్లాస్టిక్ గొట్టం చాలు. నేను రెండూ వాడి, మిల్లీమీటరు తేడా కూడా లేదని సంబరపడుతుండగా తాళ్లరేవు నుంచి ఓడ వడ్రంగి ఒకాయన వేరే పని మీద వచ్చారు. చుక్కానిని బల్ల మీద నిలబెట్టమని, ఒక కన్ను మూసి అంచు వెంట చూసి, "కింది మూల కాస్త వంకర పోయిందండీ" అన్నారు. మళ్లీ కొలిచాను. గొట్టంలో గాలి బుడగ ఉంది. వంకర మూడు మిల్లీమీటర్లు. ఆ చుక్కాని ఇప్పుడు గోదాము గుమ్మానికి పైన వేలాడుతోంది. విమానానికి ఉన్నది రెండోది.

రెక్కలు, పెట్రోలు

రెక్కలో కొత్త విద్య ఏమీ లేదు, చుక్కాని పనే పొడవుగా సాగుతుంది. మూసే ముందు మాత్రం మరొకరి చేత చూపించండి. లోపల మరిచిపోయిన క్లీకో, బిగించని నట్టు తరువాత కనబడవు.

ట్యాంకులో అతుకులకు పాలీసల్ఫైడ్ సీలెంటు పూయాలి. వాసన భరించలేం, అంటితే వదలదు, పాత బట్టలే వేసుకోండి. ఆరాక లీకు పరీక్షకు కంప్రెసర్ గొట్టం పెట్టవద్దు, ట్యాంకు పగులుతుంది. ట్యాంకుకు గాలి ఆడటానికి ఉన్న గొట్టం చివర బెలూను తొడిగి, కొద్దిగా గాలి నింపి, అతుకుల మీద సబ్బునీళ్లు రాయాలి. మధ్యాహ్నం ఎండకు బెలూను ఉబ్బుతుంది, రాత్రి చల్లబడితే ముడుచుకుంటుంది. లీకని కంగారుపడకుండా మరునాడు అదే వేళకు చూడండి.

ఏ పెట్రోలు పోస్తారో ఇప్పుడే తేల్చుకోండి. ఈ తరగతి విమానాల్లో ఎక్కువగా కనిపించే రోటాక్స్ 912 యూఎల్ఎస్ ఇంజిన్‌కు 95 ఆక్టేన్ కావాలి, ఇథనాల్ 10 శాతం మించకూడదు. మన బంకుల్లో మామూలు పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అంటే ఆ లెక్కన పనికిరాదు. ఎంత ఇథనాల్ ఉందో తెలుసుకోవాలంటే, ఆరుబయట కొలత గీతలున్న గాజు జాడీలో 90 మిల్లీలీటర్ల పెట్రోలు, 10 మిల్లీలీటర్ల నీళ్లు పోసి కుదిపి ఉంచండి. ఇథనాల్ నీళ్లలోకి దిగిపోతుంది. నేను చూసినప్పుడు అడుగు పొర 10 దగ్గర ఆగకుండా 28 దాకా లేచింది. మిగిలిన దారి విమానాల అవ్‌గ్యాస్. ఇండియన్ ఆయిల్ 2022 నుంచి వడోదరలో తయారు చేస్తోంది. దానిలో సీసం ఉంటుంది కాబట్టి ఇంజిన్ నూనె త్వరత్వరగా మార్చాలి.

ఫ్యూజలాజ్, కంట్రోళ్లు, ఇంజిన్

కంట్రోళ్లలో తిరిగే ప్రతి కీలు బోల్టుకూ గాడి నట్టు, స్ప్లిట్ పిన్ను ఉండాలి. నైలాన్ నట్టు అక్కడ పనికిరాదు. దిశలు గట్టిగా పైకి చెబుతూ చూడండి: పైలట్ చేతి కర్ర ఎడమకు తోస్తే ఎడమ రెక్క వెనుక అంచున కదిలే పలక పైకి, వెనక్కి లాగితే తోకలోని అడ్డు పలక, అంటే ఎలివేటర్, పైకి, కుడి పెడల్ తొక్కితే చుక్కాని కుడికి. తారుమారుగా కలిపిన తీగలు ప్రాణాలు తీసిన సందర్భాలున్నాయి. వైర్లు టిన్ను పూసినవే వాడండి. ఎలుకల సంగతి కొబ్బరి గోదాముల వాళ్లకు చెప్పనక్కరలేదు, రంధ్రాలన్నీ మూయండి.

ఇంధన ప్రవాహ పరీక్ష ఎగ్గొట్టవద్దు. ముక్కును ఎగిరేటప్పుడు ఉండే కోణానికి ఎత్తి, కార్బురేటర్ దగ్గర గొట్టం విప్పి, బకెట్లోకి వదిలి గడియారం చూడండి. 912 యూఎల్ఎస్ నేల విడిచి పైకి లేచేటప్పుడు గంటకు 27 లీటర్ల లెక్కన తాగుతుంది. ట్యాంకు ఎత్తు మీదే ఆధారపడితే దానికి ఒకటిన్నర రెట్లు, అంటే గంటకు 40 లీటర్లకు పైగా రావాలి. పంపు ఉంటే ఒకటింపావు రెట్లు, దాదాపు 34.

మొదటిసారి ఇంజిన్ నడిపేటప్పుడు తోకను కదలని దేనికైనా కట్టాలి. నేను మా దొడ్లో ఒక కొబ్బరిచెట్టును ఎంచి ఉంచాను. ఆ రోజు ఉదయం కాయలు దింపించాకే కడతాను.

తూకం

మూడు చక్రాల కింద మూడు కాటాలు పెట్టి, విమానాన్ని మట్టంగా ఉంచి తూచాలి. కొబ్బరి వ్యాపారుల కాటాలు పనికొస్తాయి, ముందు తెలిసిన బరువులతో సరిచూసుకోండి. గోదాము తలుపులు మూయాలి, గాలికి ముల్లు ఆడుతుంది. ఉదాహరణకు ఎడమ చక్రం 128, కుడి 130, ముక్కు చక్రం 72 కిలోలు చూపాయనుకుందాం. మొత్తం 330. ముందు ఒక ప్రమాణ గీత నుంచి వెనుక చక్రాలు 2.30 మీటర్లు, ముక్కు చక్రం 0.80 మీటర్లు దూరంలో ఉంటే, 258ని 2.30తో గుణిస్తే 593.4, 72ని 0.80తో గుణిస్తే 57.6. కలిపితే 651, దాన్ని 330తో భాగిస్తే 1.973 మీటర్లు. గరిమనాభి అక్కడుంది. తయారీదారు ఇచ్చిన హద్దుల్లో అది ఉండాలి, పైలట్, పెట్రోలు, సామాను కలిపి వేసిన లెక్కల్లోనూ ఉండాలి. రంగు కూడా బరువే. నా విమానానికి తెలుపు ఒక్కటే వేస్తాను.

మొదటిసారి ఎగరడం

పంట కోసిన పొలంలోనో, కొత్తగా వేసిన రోడ్డు మీదనో ప్రయత్నించే ఆలోచన వదిలేయండి. రన్‌వే కావాలి, అనుమతి కావాలి. మన దగ్గరలో ఉన్నది రాజమహేంద్రవరం వైపు మధురపూడి విమానాశ్రయం, దానికి రాతపని ఏడాది ముందే మొదలుపెట్టాలి. మొదటి పైలట్ మీరు కాకూడదు. అలాంటి విమానం మీద బాగా చెయ్యి తిరిగినవారు, ఒంటరిగా ఎగరాలి. అమెరికాలో ఇంట్లో కట్టిన విమానాన్ని సాధారణంగా 25 నుంచి 40 గంటలు పరీక్షించాకే మరొకరిని ఎక్కించుకోనిస్తారు. మన అనుమతి పత్రంలో ఏమి రాస్తే అది, దానికి అక్షరం తగ్గకూడదు.

కిందికి దిగాక ఇంజిన్ చల్లబడేదాకా ఆగి, కౌలింగ్ అనే ఇంజిన్ మూత విప్పి, నూనె చెమ్మ, వదులైన క్లిప్పు, రాసుకుంటున్న గొట్టం ఉన్నాయేమో టార్చి వేసి చూడాలి. మా ఆవిడ ఆ రోజుకు ఆత్రేయపురం పూతరేకులు తెప్పిస్తానంటోంది. కౌలింగ్ మళ్లీ బిగించేదాకా ఆ పొట్లం కట్టు విప్పవద్దని ఇప్పుడే చెప్పి ఉంచాను.